పని ముందు, ఓడ తర్వాత

ఈ పుస్తకంలో ఇంతవరకూ ఉద్యోగం, చదువు, సంసారం అంటూ వచ్చాం. ఈ అధ్యాయం మాత్రం ఒక కంప్యూటర్ గేమ్ గురించి. పెద్దలు నొసలు చిట్లిస్తారేమో కానీ, దీనికో కారణం ఉంది. చేతిలో ఉన్న డబ్బు, మనుషులు, కాలం దేని మీద పెట్టాలో తేల్చుకోవడంలో తప్పటడుగు వేస్తే, అది బతుకులో బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఆటలో ఒక ఆదివారం చాలు. మునిగేవి కూడా తెరమీది ఓడలే.

ఆట పేరు హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016 జూన్ 6న విడుదల చేసింది. 1936 జనవరి 1 నాటి ప్రపంచ పటం తెరమీదికి వస్తుంది, ఏదో ఒక దేశం పగ్గాలు మీ చేతిలో పెడుతుంది. ఫ్యాక్టరీలు, సైన్యాలు, విమానాలు, రాయబారాలు అన్నీ మీవే. 2019 ఫిబ్రవరిలో ‘మ్యాన్ ద గన్స్’ అనే అదనపు భాగం వచ్చాక సముద్రం సంగతి బాగా ముదిరింది. ఖాళీ ఓడ చట్రం తీసుకుని దానికి ఏ ఇంజిన్ వేయాలి, ఎన్ని ఫిరంగులు బిగించాలి, రాడార్ పెట్టాలా టార్పెడోలు పెట్టాలా అన్నది ఆడేవాళ్లే తేల్చుకోవాలి. అప్పుడే ఇంధనం లెక్క కూడా ఆటలోకి వచ్చింది. అప్పటినుంచి ఇది ఓడల ఆట కంటే ఎంపికల ఆట అయింది. నేను దీన్ని ఇక్కడికి తేవడం అందుకే.

కొత్తగా ఆడేవాళ్లలో ఎక్కువమంది ఉన్న ఓడలన్నిటినీ ఒకే గుంపులో వేసి, ముందు నాలుగు బ్యాటిల్‌షిప్‌లు చూసుకుని మురిసి, సముద్రం మీదికి తోలేస్తారు. ఆటగాళ్లు దీన్ని డూమ్‌స్టాక్ అంటారు. ఈ పద్ధతిని నేను పూర్తిగా తీసిపారేయను. కంప్యూటర్ నడిపే శత్రువు మీద ఇది తరచు గెలుస్తుంది కూడా. చిక్కల్లా మిగతా చోట్ల వస్తుంది. ఆ గుంపు ఉత్తర సముద్రంలో ఉన్నంతసేపూ అట్లాంటిక్‌లో మీ సరుకు ఓడలకు దిక్కుండదు. ఇంధనం నిల్వలు కరిగిపోతుంటాయి. పైగా సంఖ్యలో శత్రువును బాగా మించిన దళానికి ఆటే కోత పెడుతుంది. అన్ని ఓడలు ఒకచోట కిక్కిరిస్తే సరిగా మోహరించలేవన్న లెక్కతో వాటి పోరాట సామర్థ్యాన్ని తగ్గిస్తుంది.

కాబట్టి ఓడల జాబితా తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. ఎక్కడ, ఎవరి మీద, ఏం చేయాలి, ఎప్పటిదాకా చేయాలి అన్నవి నాలుగూ అందులో ఉండాలి. ‘బలమైన నౌకాదళం కావాలి’ అని రాస్తే అది కోరికగానే ఉంటుంది. ‘1940 చివరిదాకా ఇంగ్లిష్ ఛానల్ దాటి జర్మన్ సేనలు దిగకుండా ఆపాలి’ అని రాస్తే అది పని. మొదటి వాక్యం చూసి ఏ ఓడ కట్టాలో ఎవరూ చెప్పలేరు. రెండోది చదవగానే సగం ఓడలు వాటంతటవే జాబితాలోంచి జారిపోతాయి. ఛానల్ వెడల్పు ఎంత? మన విమానాశ్రయాలు ఒడ్డునే ఉన్నాయి కదా, విమానవాహక నౌక ఎందుకు? ఇలా ప్రశ్నలు వరస కడతాయి. ఆటలో కూడా దళానికి ఒక పని అప్పగించాకే అది కదులుతుంది. గస్తీ, రేవులో కాచుకుని ఉండి దాడికి లేవడం, సరుకు ఓడలకు కాపలా, శత్రువు సరుకు ఓడల వేట, మైన్లు పరచడం, ఏరడం. మైన్ల జోలికి మొదటి ఆటలో వెళ్లకండి, తలనొప్పి తప్ప లాభం తక్కువ.

పనిని బట్టి దళం ఎలా మారుతుందో చూడటానికి దూరం వెళ్లనక్కర్లేదు. మన తీరమే చాలు.

1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి రెండు గుంపులుగా వచ్చింది. అడ్మిరల్ నగుమో వెంట ఐదు పెద్ద విమానవాహక నౌకలు, వాటితో సమానంగా పరుగెత్తగల నాలుగు బ్యాటిల్‌షిప్‌లు ఉన్నాయి. బ్రిటిష్ ఈస్టర్న్ ఫ్లీట్‌ను దెబ్బతీయడం, కొలంబో, ట్రింకోమలీ స్థావరాల మీద బాంబులు వేయడం ఆయన పని. రెండో గుంపు అడ్మిరల్ ఒజావాది. ర్యూజో అనే చిన్న వాహక నౌక, ఐదు భారీ క్రూజర్లు, ఒక తేలికపాటి క్రూజర్, నాలుగు డిస్ట్రాయర్లు. బంగాళాఖాతంలో తిరిగే సరుకు ఓడలను ముంచడం ఆయన పని. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేసిన విమానాలు ర్యూజో మీంచి లేచినవే.

ఒజావా దగ్గర ఒక్క బ్యాటిల్‌షిప్ కూడా లేదు. సరుకు ఓడను ముంచడానికి అది అనవసరం. ఆయనకు కావలసింది వేగం, చాలా మేర సముద్రాన్ని ఒకేసారి జల్లెడ పట్టే వీలు. అందుకే తన చిన్న దళాన్ని కూడా మళ్లీ మూడు ముక్కలు చేసి తీరం పొడవునా విడదీశాడు. దాడి భయంతో కలకత్తా వంటి రేవుల నుంచి అప్పుడే బయటికి పంపేసిన ఓడలు కాపలా లేకుండా, పైన విమానాల అండ లేకుండా పోతున్నాయి. కొద్ది రోజుల్లో సుమారు ఇరవై ఓడలు మునిగాయి. అదే నగుమో గుంపంతా కట్టకట్టుకుని ఆ వేటకు దిగి ఉంటే ఒకచోట ఓడలన్నీ మునిగేవి, మిగతా అన్నిచోట్లా దర్జాగా తప్పించుకునేవి. హార్ట్స్ ఆఫ్ ఐరన్‌లో సరుకు ఓడల వేటకు దళం కట్టేటప్పుడు ఈ ఒజావా నమూనాను గుర్తుపెట్టుకోండి. తక్కువ ఓడలతో ఎక్కువ గుంపులు కట్టి, ఒక్కోదానికి తక్కువ మేర ఇవ్వండి. జలాంతర్గాములతోనైతే ఇది ఇంకా చవకలో అవుతుంది.

అవతలి పక్షం కథ ఇంకా నేర్పుతుంది. బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్ దగ్గర కాగితం మీద ఐదు బ్యాటిల్‌షిప్‌లు, మూడు వాహక నౌకలు ఉన్నాయి. లెక్క చూస్తే నగుమోకు దీటైన దళమే అనిపిస్తుంది. కానీ ఆ ఐదింటిలో నాలుగు మొదటి ప్రపంచయుద్ధం నాటి ‘ఆర్’ తరగతి ముసలి ఓడలు. గట్టిగా తోలినా వేగం 20 నాట్లకు అటూ ఇటూ. జపాన్ వాహక నౌకలు అవలీలగా వాటిని దాటిపోతాయి. తీర్థయాత్రకు బయల్దేరిన గుంపు మోకాళ్ల నొప్పులున్న బామ్మగారి నడకే నడవాలి, ఓడల గుంపూ అంతే. సోమర్‌విల్ తన దళాన్ని రెండుగా చీల్చాడు. ఐదో బ్యాటిల్‌షిప్ వార్‌స్పైట్, రెండు కొత్త వాహక నౌకలు కలిసి వేగంగా కదిలే ‘ఎ’ దళం. నాలుగు ముసలి బ్యాటిల్‌షిప్‌లు, పాత వాహక నౌక హెర్మిస్ కలిసి ‘బి’ దళం. నగుమో బలం ఎంతో తెలిశాక ఆ నాలుగు ఓడలనూ ఆఫ్రికా తీరంలోని కిలిందినీకి పంపేశాడు, అక్కడి సముద్ర మార్గాలకు కాపలాగా.

లండన్‌లో కూర్చున్నవాళ్లకు ఇది పిరికితనంలా కనిపించి ఉండవచ్చు. నాకు మాత్రం ఆ వారం మొత్తంలో తీసుకున్న మంచి నిర్ణయం అదే అనిపిస్తుంది. పనికిరాని ఓడలని వాటిని పారేయలేదు. వాటికి తగిన పనికి పంపాడు. ఆటలోనూ దళం (టాస్క్ ఫోర్స్) వేగం అందులోని అతి నెమ్మది ఓడ వేగమే. 1936లో బ్రిటన్‌ను ఎంచుకుంటే ఈ ముసలి ఓడలు మీకూ వారసత్వంగా వస్తాయి. వాటిని మీ వేగవంతమైన వాహక నౌకల పక్కన పెట్టకండి. సరుకు ఓడల బారుకు కాపలా పెట్టండి, ఆ బారు ఎలాగూ నెమ్మదిగానే పోతుంది. సేనలను ఒడ్డున దించే చోట నిలిపి తీరం మీద గుళ్లు కురిపించే పని ఇవ్వండి. మీ ఆఫీసులో ఇరవై ఏళ్ల అనుభవమున్న నిదానస్తుడైన ఉద్యోగిని ప్రతి ఉదయం డెడ్‌లైన్లు మారే కొత్త ప్రాజెక్టులో కూర్చోబెట్టి, ఆయన వల్ల ఆలస్యమవుతోందని విసుక్కునే మేనేజర్లు ఈ పేరా రెండుసార్లు చదవవచ్చు.

హెర్మిస్ సంగతి విషాదం. ఏప్రిల్ 9న ట్రింకోమలీ నుంచి బయటపడి సింహళం తూర్పు తీరం వెంట పోతుండగా జపాన్ విమానాలు దాన్ని ముంచాయి. ఆ క్షణాన దాని మీద ఒక్క విమానం కూడా లేదు, అన్నీ ఒడ్డున ఉండిపోయాయి. ఆటలో ఇది కళ్ల ముందే జరుగుతుంది. మూడేళ్లు కష్టపడి వాహక నౌక కట్టిస్తారు, దానికి విమానాల దళాన్ని కేటాయించడం మరిచిపోతారు, ఆట నోరు మెదపదు. కొత్త వాహక నౌక రేవు దాటేముందు దాని మీద నొక్కి విమానాల సంఖ్య చూడటం అలవాటు చేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఆటలో యుద్ధం మొదలవగానే మీ ఓడలు వరసలుగా నిలబడతాయి. ముందు డిస్ట్రాయర్లు, తేలికపాటి క్రూజర్లు. వీటిని స్క్రీన్ ఓడలు అంటారు. వాటి వెనక భారీ క్రూజర్లు, బ్యాటిల్‌షిప్‌ల వంటి పెద్ద ఓడలు. ఇంకా వెనక వాహక నౌకలు. ముందు వరస నిండుగా ఉన్నంతసేపూ శత్రువు టార్పెడోలు దాన్ని దాటి వెనకున్న పెద్ద ఓడలను చేరలేవు. ఆ వరసకు చిల్లులు పడ్డకొద్దీ టార్పెడోలు లోపలికి జొరబడతాయి. నిండుగా ఉండటమంటే ఎంతో ఆట స్పష్టంగానే చెబుతుంది: వెనకున్న ఒక్కో పెద్ద ఓడకు ముందు మూడు స్క్రీన్ ఓడలు. అలాగే ఒక్కో వాహక నౌకకు కనీసం ఒక బ్యాటిల్‌షిప్పో భారీ క్రూజరో అండగా ఉండాలి. వాహక నౌకలు నాలుగు దాటితే ఒకే యుద్ధంలో వాటి విమానాలు ఒకదానికొకటి అడ్డం. ఐదోది ఉంటే ఇంకో సముద్రానికి పంపండి.

మూడు అన్నది యుద్ధం మొదటి గంట లెక్క. ముందు వరసలో ఉండేవే ముందు మునుగుతాయి. రెండు డిస్ట్రాయర్లు పోగానే మీ నిష్పత్తి మూడు కిందికి జారుతుంది, అక్కడినుంచి బ్యాటిల్‌షిప్‌లకు గండం. అందుకే అనుభవమున్నవాళ్లు నాలుగు వేసుకుని బయల్దేరతారు. నాలుగు బ్యాటిల్‌షిప్‌లు, నాలుగు వాహక నౌకలు ఉన్న దళానికి ముందు వరసలో 32 చిన్న ఓడలన్నమాట. ఈ అంకె చూసి చాలామంది గుటకలు మింగుతారు. డాక్‌యార్డుల్లో సగానికి పైగా, ఎవరూ స్క్రీన్‌షాట్ తీయని చిన్న ఓడలకే పోవాలి.

అమెరికా నిజంగా చేసింది ఇదే. యుద్ధకాలంలో ఫ్లెచర్ తరగతి డిస్ట్రాయర్లను 175 కట్టింది. అదే కాలంలో అది పూర్తి చేసిన అయోవా తరగతి బ్యాటిల్‌షిప్‌లు నాలుగు. పోస్టర్ల మీద మాత్రం ఎప్పుడూ ఆ నాలుగే.

అయితే నిష్పత్తిని మంత్రంలా పట్టుకుని కూర్చోకండి. 1941 డిసెంబర్ 10న మలయా తీరం దగ్గర ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద బ్రిటిష్ నౌకలు మునిగిపోయాయి. వాటి వెంట నాలుగు డిస్ట్రాయర్లు బయల్దేరాయి. దాడి వచ్చింది మాత్రం ఆకాశం నుంచి, పైన వాటికి అండగా ఒక్క యుద్ధవిమానమూ లేదు. ముందు రాసిన వాక్యంలో ‘ఎవరి మీద’ అన్న ముక్క ఉండాలని పట్టుబట్టింది ఇందుకే. శత్రువు విమానాలు ఎగిరే సముద్రంలో డిస్ట్రాయర్లకు విమాన విధ్వంసక ఫిరంగులు బిగించాలి. జలాంతర్గాములు తిరిగే సముద్రంలో అవే డిస్ట్రాయర్లకు సోనార్, డెప్త్ చార్జీలు. పెద్ద యుద్ధంలో ముందు వరసకు టార్పెడోలు, ఫిరంగులు. మూడూ ఒకే ఓడలో పెడదామని చూస్తారు కొందరు. అలా కట్టిన డిస్ట్రాయర్ క్రూజర్ ఖరీదు చేస్తుంది, ఏ పనీ సరిగా చేయదు. రెండు మూడు రకాల చవక డిస్ట్రాయర్లు కట్టి పనిని బట్టి పంచడమే మేలు.

నిబంధనలు చదివేవాళ్లకు ఇక్కడొక చిన్న కిటుకు. క్రూజర్ చట్రం మీద ఒక్క భారీ ఫిరంగి బిగిస్తే చాలు, ఆట దాన్ని భారీ క్రూజర్‌గా లెక్కేసి వెనక వరసలో భద్రంగా నిలబెడుతుంది. మిగతా జాగా అంతా చిన్న ఫిరంగులతో నింపితే, అది వెనక దాక్కుని శత్రువు ముందు వరసను ఊచకోత కోస్తుంది. ఆటగాళ్లు చాలాకాలం దీనితోనే గెలిచారు. మోసమని తిట్టుకోకండి, చరిత్ర ఇంతకంటే గడుసుది. 1930 నాటి లండన్ ఒప్పందం క్రూజర్లను ఫిరంగి కొలత బట్టి రెండు రకాలుగా విడదీసింది: 155 మిల్లీమీటర్లు మించకుంటే తేలికపాటివి, 203 దాకా ఉంటే భారీవి. జపాన్ మొగామి తరగతి ఓడలను పదిహేను 155 మిల్లీమీటర్ల ఫిరంగులతో కట్టి తేలికపాటివని చూపించింది. యుద్ధానికి కాస్త ముందు ఆ ఫిరంగులు పీకేసి 203 మిల్లీమీటర్లవి పెట్టింది. ఒజావా వెంట బంగాళాఖాతానికి వచ్చిన ఐదు భారీ క్రూజర్లలో నాలుగు ఇవే.

దళం బాగా కుదిరినా శత్రువు కనపడకపోతే ఏం చేస్తుంది? వెతికే పనీ కొట్టే పనీ వేరు చేయండి. రాడార్, కెటపుల్ట్ మీంచి లేచే చిన్న విమానం ఉన్న ఒక క్రూజర్, దానికి తోడు ఒకటి రెండు డిస్ట్రాయర్లు. ఇలాంటి చిన్న గస్తీ గుంపులు నాలుగైదు సముద్రం మీద తిప్పండి. యుద్ధం తగులుకుంటే తప్పుకొమ్మని వాటికి ఆదేశం పెట్టండి. పెద్ద దళాన్ని రేవులోనే ఉంచి దాడికి సిద్ధంగా కూర్చోబెట్టండి. గస్తీవాళ్లు శత్రువును చూశాకే అది లంగరెత్తుతుంది. రేవులో ఉన్నంతసేపూ అది చుక్క ఇంధనం తాగదు. జపాన్, ఇటలీ వంటి చమురు లేని దేశాలతో ఆడేటప్పుడు గెలుపోటములు ఈ ఒక్క ఏర్పాటు దగ్గరే తేలిపోతాయి. నిరంతరం పరుగులు తీస్తూ కనిపించడమే పనిచేయడం అనుకునేవాళ్లకు, రేవులో ఊరికే నిలబడ్డ బ్యాటిల్‌షిప్‌లను చూస్తే మొదట్లో చాలా అసహనంగా ఉంటుంది. ఓర్చుకోండి.

ఇక కాలం. యమాటో అనే మహానౌకకు 1937 నవంబర్‌లో జపాన్ పని మొదలుపెట్టింది. 46 సెంటీమీటర్ల ఫిరంగులతో, ఏ దేశం దగ్గరా లేనంత పెద్ద బ్యాటిల్‌షిప్. నౌకాదళంలో చేరింది 1941 డిసెంబర్ 16న. పెర్ల్ హార్బర్‌లో విమానాలు బ్యాటిల్‌షిప్‌ల పని పట్టి అప్పటికి వారం దాటింది. 1945 ఏప్రిల్ 7న అమెరికన్ విమానాలే దాన్నీ ముంచాయి. కట్టడం మొదలుపెట్టిన రోజు ఉన్న ప్రశ్న, పూర్తయిన రోజుకు మారిపోయింది. ఆటలో ఓడ ఆర్డరు వేసేటప్పుడు అది ఏ తేదీకి చేతికొస్తుందో పక్కనే కనిపిస్తుంది. ఆ తేదీని మీ కాగితం మీది వాక్యంలోని తేదీతో సరిచూడండి. రాదని తేలితే మనసు ఎంత లాగినా ఆర్డరు రద్దు చేసి, ఆ డాక్‌యార్డులను డిస్ట్రాయర్లకు మళ్లించండి. అప్పటికే సగం కట్టేశాం కదా అన్న మొహమాటం ఓడల విషయంలో ఎంత ఖరీదో, అమ్ముడుపోని ఫ్లాటు విషయంలో, నచ్చని కోర్సు మూడో ఏడాదిలో కూడా అంతే.

యుద్ధం ముగిశాక మునిగిన ఓడల జాబితా వస్తుంది. ఏ ఓడను ఏది ముంచిందో కూడా ఉంటుంది. గెలిస్తే దాన్ని ఎవరూ తెరవరు. గెలిచినప్పుడే తెరవండి. మీ నష్టాలన్నీ టార్పెడోల వల్లే అయితే ముందు వరస పలచబడింది. విమానాల వల్లయితే విమాన విధ్వంసక ఫిరంగులో, పైన అండో తక్కువైంది. మీ ఓడలు ఏమీ పోకుండా శత్రువు కూడా పారిపోయి ఉంటే, మీ దళం బరువెక్కి నెమ్మదించింది.

ఈ వారానికి అభ్యాసం. 1936లో ఇటలీని తీసుకోండి. మీ పని లిబియాలో ఉన్న సేనలకు 1940 జూన్ నుంచి రెండేళ్లపాటు సరుకు ఆగకుండా అందించడం. శత్రువు బ్రిటన్. జిబ్రాల్టర్, సూయెజ్ రెండు ద్వారాలూ దాని చేతిలోనే ఉన్నాయి. మీ దగ్గర జలాంతర్గాములు దండిగా ఉన్నాయి, చమురు దాదాపు లేదు, వాహక నౌక ఒక్కటీ లేదు. ఒకటి కట్టాలని చేయి లాగుతుంది. దానికి ముందు పటం దగ్గరికి తెచ్చుకుని, సిసిలీ, లిబియా విమానాశ్రయాల నుంచి మీ విమానాలు ఎంత దూరం వెళ్లగలవో గీతలు గీయండి. ఆ రెండు గీతల మధ్య ఖాళీ ఎంత మిగిలిందో చూశాక డాక్‌యార్డు తెర తెరవండి.